పెన్‌డ్రైవ్ వైరస్‌కు ఊరంతా చెప్పే వైద్యాలు: వినకూడనివి పది

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయని ఎవరైనా అంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక వైద్యం చెబుతారు. చెప్పేవాళ్ల మనసు మంచిదే. వాటిలో కొన్ని 2008, 2009 ప్రాంతాల్లో నిజంగా పనిచేశాయి కూడా. తర్వాత విండోస్ మారింది, వైరస్‌లు మారాయి. సలహాలు మాత్రం మారకుండా ఒక నోటి నుంచి మరో నోటికి నడుస్తూనే ఉన్నాయి.

వాటి ఫలితం అనుభవించేవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది. రేపు ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలని ఈ రాత్రి జిరాక్స్ షాపుకు పరుగెత్తిన విద్యార్థి, నాలుగు పెళ్లిళ్ల ఫొటోలు ఒకే హార్డ్‌డిస్కులో దాచిన స్టూడియో కుర్రాడు, పుస్తకం పేజీలన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ప్రెస్సుకు బయల్దేరిన డీటీపీ ఆపరేటర్. వీళ్లకు కంప్యూటర్ విభాగాలు ఉండవు. పక్కవాడి మాటే దిక్కు. ఆ మాట తప్పయితే నెలల కష్టం ఒక్క క్లిక్కుతో పోతుంది.

ఈ సలహాలన్నింటిలోనూ ఉన్న లోపం దాదాపు ఒకటే. అవి పెన్‌డ్రైవ్ వైపే చూస్తాయి, కంప్యూటర్ వైపు చూడవు. పెన్‌డ్రైవ్‌లో ఎంత ప్రమాదకరమైన ఫైలు ఉన్నా, కంప్యూటర్ దాన్ని నడిపితేనే అది నడుస్తుంది. నడిపించుకోవడానికి దానికి మూడు దారులున్నాయి. ఒకటి, విండోస్ సదుపాయాన్నో లోపాన్నో ఆసరా చేసుకోవడం. రెండు, మనల్ని మోసగించి మన చేతే నొక్కించుకోవడం. మూడు, పెన్‌డ్రైవ్ రూపంలో ఉన్న పరికరం కీబోర్డులా నటించి తానే టైపు చేయడం. ఎవరు ఏ చిట్కా చెప్పినా, ఈ మూడింటిలో ఇది ఏ దారిని ఆపుతుందని అడగండి. జవాబు లేకపోతే ఆ చిట్కా వదిలేయండి.

1. "ఫార్మాట్ కొట్టెయ్ తమ్ముడూ, పీడ వదులుతుంది"

అన్నిటికన్నా ముందు వినబడే సలహా ఇదే, ఫైళ్లకు ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. షార్ట్‌కట్ వైరస్ పట్టిన పెన్‌డ్రైవ్‌లో చాలాసార్లు మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఆ వైరస్ మీ అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అనే రెండు గుర్తులు తగిలించి కంటికి కనబడకుండా చేస్తుంది. కొన్ని రకాలు ఫైళ్లన్నింటినీ పేరే లేనట్టుండే ఒక ఫోల్డర్‌లోకి తోసేస్తాయి. ఖాళీలా కనబడే ఒక అక్షరమే ఆ ఫోల్డర్ పేరు. అసలు ఫోల్డర్ ఉన్న చోట అదే పేరుతో షార్ట్‌కట్ కూర్చుంటుంది. దాన్ని నొక్కగానే ముందు వైరస్ స్క్రిప్టు నడుస్తుంది, వెంటనే మీ అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది. కావలసింది కనబడింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఫార్మాట్ కొడితే దాగి ఉన్న ఆ ఫైళ్లు పోతాయి. వైరస్ మాత్రం అప్పటికే కంప్యూటర్లోకి చేరి ఉంటుంది. విండోస్ లేచిన ప్రతిసారీ తానూ లేచేలా ఏర్పాటు చేసుకుని, ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా దాని మీద తన నకలు రాస్తుంది. దోమను చంపినంత మాత్రాన వచ్చిన జ్వరం తగ్గదు.

ముందు కంప్యూటర్‌కు వైద్యం చేయండి. విండోస్ 10, 11లలో విండోస్ సెక్యూరిటీలోకి వెళితే స్కాన్ ఆప్షన్లలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. అది ముగిశాక పెన్‌డ్రైవ్ పెట్టి, దాని గుర్తు మీద రైట్‌క్లిక్ చేసి స్కాన్ చేయండి. ఆపైన ఫోల్డర్ ఆప్షన్లలో హిడెన్ ఫైళ్లు చూపించమని, సిస్టమ్ ఫైళ్లు దాచవద్దని మార్చితే మీ ఫోల్డర్లు మసకగా కనబడతాయి. మీ పత్రాలు, ఫొటోలు మాత్రమే మరోచోటికి కాపీ చేసుకోండి. ఫార్మాట్ చేయాలనుకుంటే అన్నీ అయ్యాక, చివర్లో చేయండి.

2. "డబుల్‌క్లిక్ చేయకు, రైట్‌క్లిక్ కొట్టి ఎక్స్‌ప్లోర్ నొక్కు"

ఇది విండోస్ ఎక్స్‌పీ నాటి మాట. అప్పట్లో పెన్‌డ్రైవ్‌లో ఆటోరన్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటే, డ్రైవ్ గుర్తు మీద డబుల్‌క్లిక్ చేయగానే ఆ ఫైలులో రాసిన ప్రోగ్రాము నడిచేది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే వైరస్ మరుసటి నెలకే ఈ దారిని వాడుకునే కొత్త రూపంతో వచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టగానే వచ్చే ఆటోప్లే పెట్టెలో ఫోల్డర్ బొమ్మ వేసి, ఫైళ్లు చూడటానికి ఫోల్డర్ తెరవండి అన్నట్టు ఒక వరుస చూపించేది. అది నొక్కితే కాన్‌ఫికర్ నడిచేది. 2009 మొదట్లో బ్రిటన్ రక్షణ శాఖ, ఫ్రాన్స్ నౌకాదళం, మాంచెస్టర్ నగర పాలక సంస్థ దాని బారిన పడ్డాయి. దాన్ని రాసినవాళ్లను పట్టిస్తే 2,50,000 డాలర్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ఆ ఫిబ్రవరిలో ప్రకటించింది.

రైట్‌క్లిక్ అప్పుడు కూడా పూర్తి రక్షణ ఇవ్వలేదు. ఆ మెనూలో ఓపెన్, ఎక్స్‌ప్లోర్ అని కనబడే వరుసలు నొక్కితే ఏది నడవాలో కూడా ఆటోరన్ ఫైలులో రాసి పెట్టవచ్చు. 2009లో వచ్చిన విండోస్ 7 పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్‌ను పట్టించుకోవడం మానేసింది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అదే మార్పును ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్‌గా పంపింది. ఆటోరన్ పేరుతో ముందే ఖాళీ ఫోల్డర్ పెట్టుకోవాలనే చిట్కాదీ ఆ కాలమే. ఆ పేరుతో ఫైలు రాయకుండా వైరస్‌ను అది అడ్డుకునేది. ఇప్పటి వైరస్‌లకు ఆ ఫైలుతో పనే లేదు. అవి రెండో దారిలో, మన వేలితోనే వస్తున్నాయి.

కాబట్టి తెరిచే పద్ధతి కన్నా తెరిచేది ఏమిటో చూడటం ముఖ్యం. ఫైళ్ల పేర్ల చివరి భాగం కనబడేలా పెట్టుకోమని చాలామంది చెబుతారు. అది మంచిదే గానీ చాలదు. ఆ ఏర్పాటు చేసుకున్నా షార్ట్‌కట్ల చివరి భాగాన్ని విండోస్ చూపదు. డీటెయిల్స్ వ్యూ పెట్టుకుని టైప్ అనే వరుస చదవండి. నిజమైన ఫోల్డర్‌కు ఎదురుగా ఫైల్ ఫోల్డర్ అని ఉంటుంది. అప్లికేషన్ అనో షార్ట్‌కట్ అనో ఉంటే, బొమ్మ అచ్చం ఫోల్డర్‌లా ఉన్నా నొక్కవద్దు.

3. "నెట్టే లేదు కదా, వైరస్ ఎక్కడి నుంచి వస్తుంది?"

లెక్కల కంప్యూటర్‌కు, ల్యాబ్‌లో యంత్రానికి తగిలించిన కంప్యూటర్‌కు, ఫ్లెక్సీ ప్రింటింగ్ మెషీన్ పక్కనున్న కంప్యూటర్‌కు నెట్ ఇవ్వరు. నెట్ లేదు కాబట్టి భద్రం అనుకుంటారు. ఆ ధైర్యంతో వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌నూ దానికే పెడతారు.

ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధి కేంద్రంలో యంత్రాలను నడిపే కంప్యూటర్లకూ బయటి నెట్ లేదు. అయినా స్టక్స్‌నెట్ అనే వైరస్ అక్కడికి చేరింది. 2010 జూన్‌లో బెలారుస్‌కు చెందిన వైరస్‌బ్లాక్‌అడా అనే చిన్న సంస్థ దాన్ని కనిపెట్టింది. అది పెన్‌డ్రైవ్‌ల మీద ప్రయాణించింది. విండోస్ షార్ట్‌కట్ గుర్తులను చూపించే తీరులో ఉన్న లోపాన్ని వాడుకుంది. ఫోల్డర్ తెరిచి గుర్తులను చూస్తే చాలు, దేన్నీ నొక్కనక్కర్లేదు, అది నడిచేది. ఆటోరన్ ఆపినవాళ్లకూ తప్పలేదు. చివరికి సీమెన్స్ నియంత్రణ పరికరాల దాకా వెళ్లి సెంట్రిఫ్యూజుల వేగాన్ని మార్చింది. సుమారు 1,000 సెంట్రిఫ్యూజులు పాడయ్యాయని నిపుణుల అంచనా. సిమాంటెక్ లెక్కల్లో ఇరాన్, ఇండోనేషియాల తర్వాత అది ఎక్కువ కంప్యూటర్లకు సోకింది భారతదేశంలోనే. మన కంప్యూటర్లు దాని గురి కావు. పెన్‌డ్రైవ్‌లు ఒకరి నుంచి ఒకరికి మారుతూ దాన్ని ఇక్కడికీ తెచ్చాయి.

నెట్ లేని కంప్యూటర్‌కు ఒక బలహీనత అదనంగా ఉంటుంది. దానికి అప్‌డేట్లు అందవు, యాంటీవైరస్ పాతబడిపోతుంది. అందుకే ఆఫీసులో ఒక కంప్యూటర్‌ను తనిఖీకి కేటాయించండి. దానికి నెట్ ఉండాలి, అన్ని అప్‌డేట్లూ ఉండాలి, ముఖ్యమైన ఫైలు ఒక్కటీ ఉండకూడదు. బయటి నుంచి వచ్చిన ఏ పెన్‌డ్రైవ్ అయినా ముందు అక్కడ స్కాన్ కావాలి. లోపలి కంప్యూటర్లకు ఆఫీసు సొంత పెన్‌డ్రైవ్ మీద, కావలసిన ఫైలు మాత్రమే వెళ్లాలి.

4. "సీల్ విప్పని కొత్త పెన్‌డ్రైవ్ అన్నా, భయం లేదు"

కొత్తదంటే ఎవరి కంప్యూటర్‌కూ తగలనిదని అర్థం కాదు. తయారైన చోట, పరీక్షించిన చోట, ఫైళ్లు ఎక్కించిన చోట అది కంప్యూటర్లకు తగులుతుంది. వాటిలో ఒక్కదానికి వైరస్ ఉన్నా సీలు కింద అదీ ప్రయాణిస్తుంది. 2006 అక్టోబరులో ఆపిల్ సంస్థ, కొన్ని వీడియో ఐపాడ్‌లు విండోస్ వైరస్‌తో సహా అమ్ముడయ్యాయని ఒప్పుకుంది. 2010 మే నెలలో ఆస్ట్రేలియాలో కంప్యూటర్ భద్రత మీద జరిగిన ఆస్‌సర్ట్ సదస్సుకు వచ్చినవాళ్లకు ఐబీఎం కానుకగా ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లలో వైరస్ ఉందని తర్వాత తేలింది. తైవాన్‌లో 2017 డిసెంబరులో సైబర్ భద్రత క్విజ్‌లో గెలిచినవాళ్లకు పోలీసులు 250 పెన్‌డ్రైవ్‌లు పంచారు. వాటిలో 54కు వైరస్ ఉంది. కాంట్రాక్టు సంస్థ ఉద్యోగి కంప్యూటర్ నుంచి అది ఎక్కింది. ఈ మూడు చోట్లా ఎవరూ కావాలని చేయలేదు.

మన దగ్గర కారులో వినడానికి పాటలు ఎక్కించి అమ్మే పెన్‌డ్రైవ్‌లది కూడా ఇదే సంగతి. వాటిని నింపిన కంప్యూటర్‌కు రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు తగులుతాయో ఆలోచించండి. కారు స్టీరియోలో పాటలే మోగుతాయి, నిజమే. అదే పెన్‌డ్రైవ్‌ను ఇంటికి తెచ్చి పిల్లల ల్యాప్‌టాప్‌కు పెట్టినప్పుడు తంటా. పాటల పెన్‌డ్రైవ్‌ను కారుకే వదిలేయండి. కొత్తది ఏది కొన్నా, కానుకగా వచ్చినా, ముందు స్కాన్ చేసి, ఖాళీ అయితే ఫార్మాట్ చేసి వాడండి. ఫార్మాట్‌కు సరైన సమయం ఇదే, పోవడానికి ఏమీ లేనప్పుడు.

5. "ఎవరిదో పాపం, తెరిచి చూస్తే పేరు తెలుస్తుంది"

దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను తెరవడానికి కుతూహలం ఒక్కటే కారణం కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పరిశోధకులు 297 పెన్‌డ్రైవ్‌లు కావాలని పడేశారు. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం దాదాపు అన్నీ చేతులు మారాయి. 45 శాతం పెన్‌డ్రైవ్‌లలోని ఫైళ్లు తెరిచారు. మొదటిది 6 నిమిషాల్లోపే కంప్యూటర్‌కు తగిలింది. ఎందుకు తెరిచారని అడిగితే ఎక్కువమంది చెప్పింది సొంతదారుకు తిరిగి ఇవ్వడానికనే. దాడి చేసేవాళ్లు నమ్ముకునేది ఈ మంచితనాన్నే. అందుకే ఈ సలహా మీద నాకు ఎక్కువ కోపం. మంచివాళ్లనే అది ముందుగా బలి చేస్తుంది.

పోస్టులో వచ్చినదీ అంతే. ఫిన్7 అనే ముఠా ప్రభుత్వ ఆరోగ్య శాఖ పేరుతో, అమెజాన్ పేరుతో సంస్థలకు పార్శిళ్లలో యూఎస్‌బీ పరికరాలు పంపుతోందని 2022 జనవరిలో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది.

కాలేజీలో దొరికితే ఆఫీసులో ఇవ్వండి, బస్టాండులో దొరికితే విచారణ కౌంటర్‌లో ఇవ్వండి. నోటీసు బోర్డు మీద ఒక చీటీ అంటించండి. పోగొట్టుకున్నవాళ్లు రంగు, కంపెనీ చెప్పి తీసుకెళతారు. ఇక మీ పెన్‌డ్రైవ్ పోతే దొరకాలనుకుంటే, దాని మీద ఫోన్ నంబరు రాసిన చిన్న స్టిక్కర్ అంటించండి. దొరికినవాళ్లకు తెరిచే అవసరం ఉండదు.

6. "యాంటీవైరస్ ఉంది కదా బావా, ఏదైనా పెట్టుకో"

యాంటీవైరస్ కావాలి. అయితే అది చూసేది ఫైళ్లను, ప్రోగ్రాములను. మూడో దారి దానికి అందదు. ప్రతి పెన్‌డ్రైవ్‌లో ఒక చిన్న చిప్పు, ఆ చిప్పును నడిపే సొంత ప్రోగ్రాము ఉంటాయి. 2014 ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన బ్లాక్‌హ్యాట్ సదస్సులో జర్మనీకి చెందిన కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ ఆ చిప్పు ప్రోగ్రామును మార్చి చూపించారు. దానికి బ్యాడ్‌యూఎస్‌బీ అని పేరు పెట్టారు. అలా మార్చిన పెన్‌డ్రైవ్ తాను కీబోర్డునని కంప్యూటర్‌కు చెప్పుకుని, మనిషి కన్నా వేగంగా ఆదేశాలు టైపు చేస్తుంది. విండోస్ అయినా, మ్యాక్ అయినా, లినక్స్ అయినా కీబోర్డును నమ్ముతాయి. ఫార్మాట్ కొట్టినా ఆ చిప్పు జోలికి వెళ్లదు. ఇది రోజూ ఎదురయ్యేది కాదు. తెలియనివాళ్ల పరికరం పెట్టవద్దనడానికి మాత్రం ఇంతకన్నా గట్టి కారణం లేదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని దానంతటదే అక్షరాలు పడుతుంటే, వెంటనే పీకేసి, నెట్ ఆపేసి, తెలిసినవాళ్లను పిలవండి.

ఒకటి చాలదని రెండు యాంటీవైరస్‌లు వేసుకోమనేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే ఫైలును ఒకేసారి పట్టుకుని, ఒకదాని పనికి ఒకటి అడ్డుపడతాయి, కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. డబ్బు పెట్టకుండా క్రాక్ చేసిన యాంటీవైరస్ వేసుకోమనే సలహా ఇంకా ప్రమాదం. క్రాక్ ఫైలు నడపాలంటే ముందు రక్షణ ఆపమంటారు. ఆపిన ఆ నిమిషంలో ఏది లోపలికి వచ్చిందో ఎవరు చూశారు? విండోస్ 10, 11లతో పాటే వచ్చే డిఫెండర్ ఉచితం. దాన్ని ఆపకుండా, అప్‌డేట్ చేసుకుంటూ ఉంటే ఇంటికి, చిన్న షాపుకు సరిపోతుంది.

7. "కార్డుకు లాక్ వేశా, హార్డ్‌డిస్క్ గుచ్చే ఉంచా, ఫొటోలకు ఢోకా లేదు"

ఇది ఫొటో స్టూడియోలకు. మెమరీ కార్డు పక్కనుండే చిన్న లాక్ మీట నిజంగా కార్డును మూయదు. మీట ఎటువైపు ఉందో కార్డు రీడర్ చూసి, రాయకూడదని తానే ఆగుతుంది. ఆ మీటను పట్టించుకోని రీడర్ అయితే రాయనిస్తుంది. లోపలి చిప్పే రాతను ఆపే మీట ఉన్న పెన్‌డ్రైవ్‌లు వేరే దొరుకుతాయి. వేరేవాళ్ల కంప్యూటర్లకు పెట్టక తప్పనివాళ్లు వాటికి కాస్త ఎక్కువ డబ్బు పెట్టినా నష్టం లేదు.

ఇక బ్యాకప్ హార్డ్‌డిస్కును ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచడం. మర్చిపోకుండా ఉంటుందని చెబుతారు. రాన్సమ్‌వేర్ వస్తే కంప్యూటర్‌కు కనబడే ప్రతి డ్రైవ్‌లోని ఫైళ్లకూ తాళం వేస్తుంది. తగిలించి ఉన్న బ్యాకప్‌కూ అదే గతి. పెళ్లి మళ్లీ జరగదు, ఆ ఫొటోలు మళ్లీ తీయలేరు. మూడు కాపీలు ఉంచండి, రెండు వేర్వేరు రకాల నిల్వల మీద, అందులో ఒకటి షాపు బయట. కాపీ అవగానే డిస్క్ తీసి బీరువాలో పెట్టండి. ఆల్బమ్ చేతికిచ్చే రోజు వరకైనా ఈ క్రమం తప్పవద్దు.

8. "పాత విండోసే బాగుంది, అప్‌డేట్లు ఆపించెయ్"

డీటీపీ సెంటర్లు ఈ మాట ఎందుకంటాయో నాకు తెలుసు. పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లు. విండోస్ మారిస్తే అవి తెరుచుకుంటాయో లేదో, ఒత్తులు సరిగా పడతాయో లేదో. ఆ భయం నిజమైనదే. అయితే విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిశాయి. మద్దతు ముగిశాక బయటపడిన లోపానికి మామూలుగా మందు రాదు. స్టక్స్‌నెట్ వాడిన షార్ట్‌కట్ లోపాన్నే తీసుకోండి. మైక్రోసాఫ్ట్ దాన్ని 2010 ఆగస్టులో సవరించింది. ఆ సవరణ పూర్తిగా సరిపోలేదని తేలి 2015 మార్చిలో మరోసారి సవరించింది. అప్‌డేట్లు ఆపినవాళ్లకు ఆ రెండూ అందలేదు. మొదటి దారిని మూసేవి ఆ అప్‌డేట్లే. ఇంకే చిట్కా వాటికి బదులు కాదు.

పాత సాఫ్ట్‌వేర్ వదలలేకపోతే దాన్ని ఒంటరిగా ఉంచండి. కొత్త విండోస్ ఉన్న కంప్యూటర్లో, వర్చువల్ మెషీన్ లోపల పాత విండోస్, పేజ్‌మేకర్ పెట్టుకోవచ్చు. అది కుదరకపోతే పాత కంప్యూటర్‌ను పేజీలు కట్టడానికి మాత్రమే వాడండి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు దానికి తగలనివ్వవద్దు. వాళ్ల ఫైళ్లు ముందు కొత్త కంప్యూటర్‌కు మెయిల్‌లో రావాలి, స్కాన్ కావాలి, తర్వాతే షాపు సొంత పెన్‌డ్రైవ్ మీద లోపలికి వెళ్లాలి. కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెడితే ఈ బంధం కొన్నేళ్లలో దానంతటదే తెగుతుంది.

9. "అసలు యూఎస్‌బీ పోర్టులే మూసేయించండి సార్"

పై అధికారికి ఇది ధైర్యమైన నిర్ణయంలా కనబడుతుంది. 2008లో పశ్చిమాసియాలోని ఒక అమెరికా సైనిక స్థావరంలో ల్యాప్‌టాప్‌కు పెట్టిన పెన్‌డ్రైవ్ నుంచి ఏజెంట్ బీటీజెడ్ అనే వైరస్ సైనిక నెట్‌వర్కుల్లోకి చేరింది. రహస్య సమాచారం ఉండే నెట్‌వర్కులనూ వదల్లేదు. ఆ నవంబరులో పెంటగాన్ పెన్‌డ్రైవ్‌లను పూర్తిగా నిషేధించింది. 2010 ఫిబ్రవరిలో షరతులతో కొంత సడలించక తప్పలేదు. పని జరగాలంటే ఫైలు ఒక చోటి నుంచి మరో చోటికి చేరాలి. దారి చూపకుండా మూసేస్తే సిబ్బంది ఫోన్లు తగిలిస్తారు, సొంత మెయిల్‌లో పంపుకుంటారు, లెక్క తెలియకుండా పోతుంది. పోర్టుకు జిగురు పోస్తే మౌస్, కీబోర్డు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న కూడా మిగులుతుంది.

మూయవలసింది నడిచే అవకాశాన్ని. విండోస్ ప్రో ఉంటే గ్రూప్ పాలసీలోని రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ విభాగంలో, పెన్‌డ్రైవ్ నుంచి ప్రోగ్రాములు నడవకుండా ఆపే ఏర్పాటు ఉంది. ఫైళ్లు చదువుకోవచ్చు, ప్రోగ్రాము నడవదు. షార్ట్‌కట్ ద్వారా స్క్రిప్టు నడిపే రకాలను ఇది ఒక్కటే ఆపలేదు. కాబట్టి వాడకం లేని చోట విండోస్ స్క్రిప్ట్ హోస్ట్‌ను కూడా ఆపించండి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇవ్వకండి. ఆఫీసు పెన్‌డ్రైవ్‌లకు నంబర్లు వేసి రిజిస్టరులో రాయండి. అనుమతి ఉన్న పెన్‌డ్రైవ్‌లనే, పాస్‌వర్డుతోనే తెరవనిచ్చే యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే సాధనాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసింది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రంతో పాటు దాన్ని విడుదల చేసింది. దించుకునే ముందు మీ విండోస్‌కు సరిపోతుందో లేదో చూసుకోండి.

10. "ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది"

పది సలహాల్లో కంప్యూటర్‌తో సంబంధం లేనిది ఇదొక్కటే, అన్నింటికన్నా చెడ్డదీ ఇదే. మిగతా తొమ్మిదీ విన్నవాడి ఫైళ్లకే హాని. ఇది విననివాళ్లకూ హాని చేస్తుంది. జిరాక్స్ షాపులో వైరస్ పడిందని తెలిసీ యజమాని ఊరుకుంటే, ఆ రోజు వచ్చిన ప్రతి విద్యార్థీ దాన్ని హాస్టల్‌కు మోసుకెళతాడు. ల్యాబ్‌లో తన పెన్‌డ్రైవ్ వల్లే పాకిందని తెలిసిన అమ్మాయి భయపడి చెప్పకపోతే, ల్యాబ్ మొత్తం రెండుసార్లు శుభ్రం చేసినా మళ్లీ వస్తుంది. చెప్పినవాళ్లను తిట్టే ఆఫీసులో ఎవరూ చెప్పరు. అక్కడ వైరస్ పోదు.

షాపు నడిపేవారికి నా విన్నపం. గోడ మీద రెండు మాటలు రాసి పెట్టండి: పెన్‌డ్రైవ్ కన్నా మెయిల్ మేలు, పెన్‌డ్రైవే అయితే స్కాన్ చేశాకే తెరుస్తాం. కస్టమర్ తొందరపెట్టినా స్కాన్ మానకండి. వైరస్ కనబడితే అప్పుడే, మెల్లగా చెప్పండి. "చెల్లెమ్మా, నీ పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉంది, ఫైళ్లు పోలేదు, ముందు ఇంట్లో కంప్యూటర్‌ను స్కాన్ చేయించు" అంటే చాలు, ఆ ఇంటికి సరైన వైద్యం అందినట్టే. విద్యార్థులకు కూడా ఒక మాట. ప్రింటుకు వేరే పెన్‌డ్రైవ్ ఉంచుకోండి. అందులో పీడీఎఫ్ కాపీ ఒక్కటే పెట్టండి, అసలు ఫైలు ఇంట్లోనే ఉండనివ్వండి. షాపు నుంచి వచ్చాక స్కాన్ చేయనిదే దాన్ని మళ్లీ తెరవకండి.

మీ పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉందని ఈరోజు తెలిసిందనుకోండి. కంప్యూటర్‌కు ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. అది నడుస్తున్నంతసేపూ ఖాళీయే కాబట్టి ఫోన్ తీసి, గత కొద్ది రోజుల్లో ఆ పెన్‌డ్రైవ్ ఎవరెవరి కంప్యూటర్లకు తగిలిందో గుర్తుచేసుకుని ఒక్కొక్కరికీ చెప్పండి. మీరు చెప్పిన ఒక్కొక్కరూ మరో నలుగురికి పాకకుండా ఆపగలరు.